కంప్యూటర్ లేని కంప్యూటర్ పాఠం!

చిన్నపిల్లలకు కోడింగ్ నేర్పించాలా, వద్దా? చాలా ఇళ్లలో ఇప్పుడు ఇదే చర్చ. వేలకు వేలు ఫీజులు కట్టేవారు కొందరు. కట్టలేక, 'మా పిల్లాడు వెనకబడిపోతాడేమో' అని బెంగపడేవారు మరికొందరు. నిజానికి ఆ చదువుకు పునాది పడేది కీబోర్డు మీద కాదు... వంటింట్లో, వాకిట్లో, అమ్మమ్మ చెప్పే పొడుపుకథలో!

అనగనగా ఓ రైతు. అతని దగ్గర ఓ పులి, ఓ మేక, ఓ గడ్డిమోపు ఉన్నాయి. ఏరు దాటాలి. పడవ చిన్నది. రైతుతోపాటు ఒక్కసారికి ఒక్కటే పడుతుంది. రైతు పక్కన లేకపోతే పులి మేకను తినేస్తుంది. మేక గడ్డిని మేసేస్తుంది. మూడింటినీ క్షేమంగా అవతలి ఒడ్డుకు చేర్చడం ఎలా?

ఈ చిక్కుప్రశ్న వినని తెలుగిల్లు ఉండదేమో. మొదట మేకను దించి రావాలి. తర్వాత పులిని తీసుకెళ్లి, తిరిగొచ్చేటప్పుడు మేకను వెనక్కి తెచ్చేయాలి. దాన్ని ఇవతల వదిలి గడ్డిమోపును చేరవేయాలి. ఆఖరున ఖాళీ పడవతో వచ్చి మేకను తీసుకెళ్లాలి. మొత్తం ఏడుసార్లు ఏరు దాటితే పని పూర్తవుతుంది. అసలు కిటుకంతా 'మేకను వెనక్కి తేవడం'లోనే ఉంది. ముందుకెళ్లాలంటే ఒక్కోసారి ఓ అడుగు వెనక్కి వేయాలని పిల్లలకు తట్టే క్షణమది!

ఈ చిక్కుప్రశ్న మనదొక్కటే కాదు. యూరప్‌లో తొమ్మిదో శతాబ్దం నాటి ఓ లాటిన్ లెక్కల సంకలనంలోనూ ఉంది. అక్కడ పులి బదులు తోడేలు, గడ్డిమోపు బదులు క్యాబేజీ. ఆ సంకలనం పేరుకు అర్థం 'కుర్రకారు బుద్ధికి పదును పెట్టే లెక్కలు' అని. పన్నెండు వందల ఏళ్ల కిందటే పెద్దలు కనిపెట్టిన ఆ పదునుకే ఇప్పుడు 'కంప్యుటేషనల్ థింకింగ్' అని పేరు పెట్టారు.

అసలేంటిది?

పేరు వినగానే బెదరక్కర్లేదు. ఇది కంప్యూటర్‌లా ఆలోచించడం కాదు. కంప్యూటర్ ఆలోచించదు, చెప్పింది చేస్తుందంతే. ఓ సమస్యను యంత్రానికైనా మనిషికైనా అప్పజెప్పగలిగేంత స్పష్టంగా విడమరచుకోవడమే ఈ విద్య.

దీని వెనక ఓ కథ ఉంది. సేమూర్ పాపర్ట్ అనే గణిత శాస్త్రవేత్త జెనీవాలో పిల్లల మనస్తత్వ నిపుణుడు జీన్ పియాజే దగ్గర పనిచేశాడు. తర్వాత అమెరికా వెళ్లి 1967లో సహచరులతో కలిసి పిల్లల కోసమే 'లోగో' అనే కంప్యూటర్ భాషను తయారుచేశాడు. 'ముందుకెళ్లు, కుడికి తిరుగు' అని ఆజ్ఞలిస్తే ఓ తాబేలు బొమ్మ గీతలు గీస్తుందన్నమాట. 1980లో రాసిన 'మైండ్‌స్టార్మ్స్' పుస్తకంలో ఆయన ఈ కంప్యుటేషనల్ థింకింగ్ అన్న మాట వాడాడు. దాన్ని ప్రపంచమంతా మాట్లాడుకునేలా చేసింది మాత్రం జెన్నెట్ వింగ్. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలిగా ఉన్న ఆమె 2006లో ఓ చిన్న వ్యాసం రాసింది. చదవడం, రాయడం, లెక్కలు చేయడంలాగే ఇదీ ప్రతి బిడ్డకూ రావాల్సిన నైపుణ్యమన్నది అందులోని సారాంశం.

మన మాటల్లో చెప్పుకోవాలంటే ఇందులో ఉన్నవి అయిదే పనులు. పెద్ద పనిని చిన్న ముక్కలు చేయడం. ముక్కల మధ్య పోలికలు పట్టడం. అక్కర్లేని వివరాల్ని పక్కన పెట్టడం. ఏది ముందో ఏది తర్వాతో వరస చెప్పడం. ఆ వరసలో తప్పొస్తే వెతికి దిద్దుకోవడం. పొడుపుకథలో పులికి ఎన్ని చారలున్నాయో మనకెందుకు? ఎవరు ఎవర్ని తింటారో తెలిస్తే చాలు. 'అక్కర్లేనిది వదిలేయడం' అంటే అదే!

ఎందుకింత హడావుడి?

ఇంగ్లండ్ 2014లోనే అయిదేళ్ల పిల్లల నుంచీ కంప్యూటింగ్‌ను పాఠ్యాంశం చేసింది. మన జాతీయ విద్యా విధానం 2020లో ఈ తరహా ఆలోచనకు పెద్దపీట వేసి, ఆరో తరగతి మొదలుకొని కోడింగ్ కార్యక్రమాలు ఉండాలంది. 2026-27 విద్యాసంవత్సరం నుంచి మూడో తరగతి మొదలు కృత్రిమ మేధ, కంప్యుటేషనల్ థింకింగ్ పాఠాలు తెస్తామని కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది.

పాఠశాల కన్నా ముందే వ్యాపారం మేల్కొంది. కొవిడ్ రోజుల్లో పిల్లలు ఇళ్లకే పరిమితమైనప్పుడు 'ఇప్పుడే కోడింగ్ నేర్చుకోకపోతే ఇక అంతే' అన్నట్లు ప్రకటనలు హోరెత్తాయి. ఆరేళ్ల పిల్లలు యాప్‌లు తయారుచేసి కోటీశ్వరులైపోతారన్నంత ఊదరగొట్టారు. ప్రకటనల ప్రమాణాల మండలి 2020లో కలగజేసుకోవడంతో అలాంటి ప్రకటనలు కొన్నింటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది కూడా.

ప్రకటనలు పోయినా తల్లిదండ్రుల గుండెల్లో గుబులు పోలేదు. పైగా ఇప్పుడు అడిగిందే తడవుగా జవాబులిచ్చే కృత్రిమ మేధ చేతిలోని ఫోన్లోకే వచ్చేసింది. ప్రోగ్రాం కూడా అదే రాసిపెడుతోంది. మరి పిల్లలు నేర్చుకోవాల్సింది ఏమిటి? ఏం కావాలో తేటగా అడగడం, వచ్చిన జవాబు సరైందో కాదో తరచి చూడడం. ఆ రెండూ ఏ యాప్ కొన్నా రావు. ఇంట్లో మాటల మధ్యే అలవడాలి. అదెలాగో చూద్దాం.

నాన్నే రోబో!

ఆదివారం మధ్యాహ్నం ఆడుకోవడానికి ఇంతకన్నా మంచి ఆట లేదు. నాన్న రోబో. పాప యజమాని. రోబోకు సొంత బుర్ర ఉండదు, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. పని: నిమ్మరసం కలపడం.

''నాన్నా, గ్లాసులో నీళ్లు పొయ్యి.''

నాన్న పోస్తాడు. గ్లాసు నిండినా ఆపడు! ఎక్కడ ఆపాలో రోబోకు చెప్పలేదు కదా.

''అయ్యో... సగం వరకే నాన్నా! ఇప్పుడు నిమ్మకాయ పిండు.''

నాన్న కాయను కొయ్యకుండానే గ్లాసు మీద పట్టుకుని పిసుకుతాడు. ''పంచదార వెయ్యి'' అనగానే డబ్బా మొత్తం ఒంపబోతాడు. ఇల్లంతా నవ్వులు.

ఆ నవ్వుల మధ్యే పాపకు అసలు విషయం తెలిసిపోతుంది... 'నా మనసులో ఉన్నది ఎదుటివారికి తెలీదు, నేను చెప్పిందే తెలుస్తుంది' అని. రెండోసారి ఆమె సూచనలు మారిపోతాయి. 'సగం గ్లాసు నీళ్లు. నిమ్మకాయను రెండు చెక్కలు చెయ్యి. ఒక చెక్క పిండు. రెండు చెంచాల పంచదార వేసి కలుపు. రుచి చూడు. తీపి చాలకపోతే ఇంకో చెంచా వేసి మళ్లీ కలుపు. చాలితే ఆపేయ్.'

ఆ చివరి మూడు వాక్యాల్నీ మరోసారి చదవండి. 'ఫలానా అయ్యేదాకా మళ్లీ మళ్లీ చెయ్యి' అన్నది ప్రోగ్రామర్లు రోజూ వాడే సూత్రమే. ఇలా వరసగా రాసుకున్న సూచనల్నే అల్గారిథమ్ అంటారు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న అల్ ఖ్వారిజ్మీ అనే గణితవేత్త పేరు మీదుగా వచ్చిన మాటది. ఇకనుంచి అమ్మ చెప్పే వంట విధానాన్ని అల్గారిథమ్ అన్నా తప్పులేదు. ఆటలో కత్తి, పొయ్యి ఉంటే మాత్రం ఆ పని పెద్దవాళ్లే చేయాలి.

కొండను పిండి చేద్దాం

''నీ గది సర్దుకో'' అంటే ఆరేళ్ల పిల్లాడు బిక్కమొహం వేస్తాడు. అది బద్ధకం కాకపోవచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడమే కావచ్చు. అప్పుడు తిట్టేబదులు ఒక ప్రశ్న వేయండి. ''ఇందులో ఎన్ని చిన్న పనులున్నాయి?'' బొమ్మలు ఒక పని. పుస్తకాలు ఒక పని. విడిచిన బట్టలు ఒక పని. దుప్పటి మడత పెట్టడం ఇంకో పని. కొండలాంటి పని నాలుగు గులకరాళ్లవుతుంది.

పుట్టినరోజు పండగా, ఊరి ప్రయాణమూ ఇందుకు చక్కని అవకాశాలు. సంచిలో ఏమేం పెట్టాలో జాబితా వాళ్లనే రాయమనండి. ఏది ముందు చేయాలి, ఏది తర్వాత చేసినా ఫర్వాలేదు, ఏ రెండు పనులు ఇద్దరు ఒకేసారి చేసుకోవచ్చు... అడిగి చూడండి. మేజోళ్లకన్నా ముందు బూట్లు వేసుకుంటే ఏమవుతుందని అడిగితే మూడేళ్ల బుడతడు కూడా పకపకా నవ్వుతాడు. 'వరస ముఖ్యం' అన్న పాఠం వాడికి అందినట్టే.

ఉతికిన బట్టల కుప్ప దగ్గర మరో పాఠం. మనుషుల వారీగా వేరుచేయాలా, రకాల వారీగానా? ఎలా వేరుచేస్తే ఎవరి చొక్కా అయినా త్వరగా దొరుకుతుంది? సరైన జవాబు ఒక్కటే కాదు. ఎందుకలా చేశావో చెప్పగలగడమే ఇక్కడ మార్కులు తెచ్చిపెట్టేది.

ముగ్గులో ప్రోగ్రాం

'ఏడు చుక్కలు, నాలుగు వచ్చేవరకు సందుచుక్క.' ముగ్గుల పుస్తకాల్లో ఈ ఒక్క వాక్యం చూసి అమ్మాయిలు వాకిలంతా చుక్కలు పెట్టేస్తారు. నడుమ వరసలో ఏడు, దానికి అటూ ఇటూ ఆరేసి, అయిదేసి, నాలుగేసి... మొత్తం 37 చుక్కలు. అయిదారు మాటల్లో 37 చుక్కల బొమ్మ ఇమిడిపోయింది. ఇంతకన్నా పొదుపైన ప్రోగ్రాం ఎవరు రాయగలరు?

ఇది సరదాకు అంటున్న మాట కాదు. గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ అనే మద్రాసు శాస్త్రవేత్తలు తమిళుల ముగ్గులైన కోలాల మీద 1974లో ఓ పరిశోధన పత్రం ప్రచురించారు. చిన్న చిన్న నియమాలతో పెద్ద పెద్ద ముగ్గుల్ని ఎలా పుట్టించవచ్చో కంప్యూటర్ శాస్త్ర పరిభాషలో వివరించారు.

కాబట్టి ముగ్గు వేసేటప్పుడు పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. అబ్బాయిల్ని కూడా! ''ఇందులో మళ్లీ మళ్లీ వచ్చే ముక్క ఏది?'' అని అడగండి. ఆ ఒక్క రేకు గుర్తుపడితే చాలు, తక్కిన అయిదు రేకులూ అదే ముక్కను తిప్పి వేయడమే. పూలమాలలో రెండు కనకాంబరాలకు ఒక మల్లె చొప్పున గుచ్చుతూ 'తర్వాత ఏం రావాలి?' అన్నా అదే పాఠం. పోలిక పట్టేసిన బిడ్డకు ఎక్కాలు బట్టీయం అనిపించవు. తొమ్మిదో ఎక్కంలో పదుల అంకె ఒక్కోటి పెరుగుతుంటే ఒకట్ల అంకె ఒక్కోటి తగ్గడం తనే కనిపెడుతుంది.

ఏడు ప్రశ్నల్లో దొంగ దొరికాడు

1 నుంచి 100 వరకు ఏదో ఒక అంకె తలుచుకోండి. పిల్లలు ప్రశ్నలు అడగాలి. మీరు అవును, కాదు అనే చెప్పాలి. మొదట్లో వాళ్లు ''ఇరవయ్యా? నలభై అయిదా?'' అంటూ గుడ్డిగా రాళ్లు వేస్తారు. కాసేపు వేయనివ్వండి. తర్వాత ''ఒకే ప్రశ్నతో సగం అంకెల్ని కొట్టేయొచ్చా?'' అని అందించండి.

మీరు తలుచుకున్నది 73 అనుకుందాం. 50 కన్నా పెద్దదా? అవును. 75 కన్నా? కాదు. 63 కన్నా? అవును. 69 కన్నా? అవును. 72 కన్నా? అవును. 74 కన్నా? కాదు. 73 కన్నా? కాదు. అయితే 73! సరిగ్గా ఏడు ప్రశ్నలు. వందలో ఏ అంకె తలుచుకున్నా ఏడుకు మించి ప్రశ్నలు అవసరం లేదు. మరి 1 నుంచి 1000 వరకైతే? పది ప్రశ్నలు చాలు. ఈ మాట చెబితే పిల్లలు నమ్మరు. ఆడి చూసి నోరు తెరుస్తారు. చిన్నవాళ్లకు 1 నుంచి 16 వరకే పెట్టండి, నాలుగు ప్రశ్నల్లో తేలిపోతుంది. నిఘంటువులో మాట వెతికేటప్పుడు మనం చేసేదీ దాదాపు ఇదే.

వేసవి సెలవులకు పిల్లలంతా ఓ చోట చేరితే ఇంకో ఆట. అయిదుగురిని వరసగా నిలబెట్టండి. ఎత్తు ప్రకారం సర్దుకోవాలి. పక్కపక్కనున్న ఇద్దరు మాత్రమే పోల్చుకుని, ఎడమ పక్కనున్నవారు పొడుగైతే చోటు మార్చుకోవాలి. ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా ఒకసారి పోలుస్తూ వెళ్లేసరికి అందరికన్నా పొడుగు పిల్లాడు కుడి చివరికి చేరిపోతాడు. ఇలా నాలుగు దఫాలు చేస్తే చాలు, వరస కుదిరి తీరుతుంది. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బెల్, ఆయన మిత్రులు ఇలాంటి కంప్యూటర్ అక్కర్లేని ఆటల్ని 1990ల నుంచీ ప్రచారం చేస్తూ వచ్చారు. మనకైతే కొత్తగా నేర్చుకోవాల్సిన పని కూడా లేదు. మూడు పులులు, పదిహేను మేకల పులిజూదం ఉంది. 'నేనిక్కడ పెడితే పులి ఎటు దూకుతుంది' అని రెండెత్తులు ముందుకు ఆలోచించడం అది నేర్పుతుంది. వామనగుంటలు ఉన్నాయి. గింజలు తీయకముందే చివరి గింజ ఎక్కడ పడుతుందో లెక్కగట్టమనండి చాలు.

తప్పొస్తే పండగే!

మనలో చాలామందికి తప్పు చేయడమంటే భయం. మార్కులు పోతాయని, తిట్లు పడతాయని. ప్రోగ్రాములు రాసేవారికి మాత్రం తప్పు రాకపోతేనే అనుమానం! 1947లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నిర్మించిన ఓ కంప్యూటర్ మొరాయించింది. విప్పి చూస్తే లోపల ఓ రెక్కల పురుగు ఇరుక్కుని ఉంది. సిబ్బంది దాన్ని తీసి, పనుల పుస్తకంలో అతికించి, 'నిజంగానే పురుగు దొరికింది' అన్న అర్థంలో సరదాగా రాసిపెట్టారు. యంత్రంలో లోపాన్ని 'బగ్' అనడం అంతకుముందు నుంచే ఉంది. ఆ పురుగుతో అది మరింత ప్రచారంలోకి వచ్చింది.

ఇంట్లోనూ తప్పును అలా పట్టుకుని నవ్వుకోగలగాలి. తీసివేత లెక్క తప్పుచేసిన బాబుతో ''మళ్లీ తప్పే'' అనకండి. ''ఎక్కడిదాకా సరిగ్గా వచ్చింది? ఎక్కడ దారి తప్పింది? వెతుకుదాం పద'' అనండి. దిద్దాల్సింది లెక్కలో ఓ అడుగునే కానీ పిల్లాణ్ని కాదు. ఈ ఒక్క తేడా వాడికి అర్థమైతే తప్పును దాచిపెట్టే అలవాటు దానంతటదే పోతుంది. మీరు దారితప్పి వేరే వీధిలోకి వెళ్లినప్పుడు, కూరలో ఉప్పు ఎక్కువైనప్పుడు కూడా ''ఎక్కడ పొరపాటు చేశానో చూద్దామా'' అని పైకే అనండి. పెద్దవాళ్లకూ తప్పులు వస్తాయనీ, వెతికితే దొరుకుతాయనీ వాళ్లు చూడాలి.

ఏ వయసుకు ఏది?

మూడు నుంచి అయిదేళ్లు: గింజలు, గుండీలు, చెంచాలు రంగుల వారీగా, సైజుల వారీగా వేరుచేయించండి. చప్పట్లు, చిటికెలతో ఓ వరస వాయించి కొనసాగించమనండి. విన్న కథను 'ముందేమైంది, తర్వాతేమైంది' అని చెప్పించండి. తెర అవసరమే లేదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట మించకూడదనీ, ఎంత తగ్గితే అంత మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

అయిదు నుంచి ఏడేళ్లు: రోబో ఆట, నేల మీద గళ్లు గీసి 'రెండడుగులు ముందుకు, కుడికి తిరుగు' అంటూ నిధి వేట, 'వాన పడితే గొడుగు, లేకపోతే టోపీ' లాంటి అయితే-లేకపోతే నియమాలు. ఇష్టపడితే 2014లో వచ్చిన 'స్క్రాచ్ జూనియర్'ను పక్కన కూర్చుని చూపించవచ్చు. ఈ వయసు పిల్లల కోసమే తయారైంది, ఉచితం.

ఎనిమిదేళ్లు దాటాక: సగానికి సగం కొట్టేసే అంకెలాట, పులిజూదం, ఇంటి నుంచి బడికి పటం గీయడం, సొంతంగా ఓ ఆట కనిపెట్టి నియమాలు రాయడం. ఆసక్తి ఉంటే ఎమ్ఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన 'స్క్రాచ్'తో తన కథను తనే బొమ్మలతో నడిపించుకోవచ్చు. ఇదీ ఉచితమే.

గురువు... లఘువు... సున్నా... ఒకటి!

కంప్యూటర్‌కు తెలిసినవి రెండే: సున్నా, ఒకటి. మన ఛందస్సుకు తెలిసినవీ రెండే: గురువు, లఘువు. మూడు అక్షరాల్లో ఒక్కోటి గురువైనా కావచ్చు, లఘువైనా కావచ్చు. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. అందుకే మూడక్షరాల గణాలు ఎనిమిది! ఈ అమరికలన్నీ ఒక్కటీ తప్పిపోకుండా వరసపెట్టి రాసే పద్ధతిని పింగళుడు రెండు వేల ఏళ్లకు ముందే తన ఛందశ్శాస్త్రంలో చెప్పాడు. 'యమాతారాజభానసలగం' గుర్తుందిగా? ఎక్కడ మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకున్నా ఒక గణం వస్తుంది. ఎనిమిది గణాలూ ఆ పదక్షరాల్లోనే ఉన్నాయి. చిన్నపిల్లలకు గణాలు అక్కర్లేదు. గురువుకు చప్పట, లఘువుకు చిటిక చొప్పున వాళ్ల పేర్లే వాయించమనండి. 'సీత' అంటే చప్పట, చిటిక. 'కమల' అంటే మూడు చిటికెలు. రెండు గుర్తులతో పేరంతా రాసేయొచ్చని తెలిసిన రోజున కంప్యూటర్ మంత్రం సగం తెలిసినట్టే.

ఆశకూ హద్దుంది

ఇవన్నీ ఆడించేస్తే పిల్లలు అన్ని సబ్జెక్టుల్లో మేధావులైపోతారా? అంత ఆశ పెట్టుకోవద్దు. లోగో నేర్చుకుంటే పిల్లల ఆలోచనే మారిపోతుందని 1980లలో చాలామంది నమ్మారు. అమెరికాలో రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ అనే పరిశోధకులు దాన్ని పరీక్షించి చూశారు. లోగో నేర్చుకున్నంత మాత్రాన పిల్లలకు వేరే పనుల్లో ప్రణాళిక వేసుకునే నేర్పు దానంతటదే రాలేదని తేలింది. అంటే... ఓ చోట నేర్చుకున్నది మరోచోటికి నడిచి రాదు. ఎవరో ఒకరు చేయి పట్టుకుని తీసుకురావాలి. ''మొన్న అంకెలాటలో సగం సగం కొట్టేశావు కదా, ఈ పుస్తకాల వరసలోనూ అలా వెతకొచ్చా?'' అని గుర్తుచేసే పెద్దవారు పక్కనుండాలి. వేల రూపాయల కోర్సు చేయలేనిదీ, కంప్యూటర్ ముట్టని అమ్మమ్మ చేయగలిగిందీ అదే.

అందుకని కొన్ని జాగ్రత్తలు. జవాబు తొందరపడి అందించేయకండి. పిల్లలు ఆలోచిస్తున్నప్పుడు మౌనంగా ఉండటమూ పాఠమే. పక్కింటి పిల్లలతో పోల్చకండి. రోజుకు పావుగంట చాలు. విసుగు కనిపించగానే ఆపేయండి. ఆట హోంవర్కుగా మారిన రోజు అందులోని పదునంతా పోతుంది. వాళ్లు మీకన్నా మంచి దారి చూపిస్తే ''భలే, నాకు తట్టలేదే'' అని మనస్ఫూర్తిగా ఒప్పుకోండి. అంతకు మించిన బహుమతి ఏ యాప్ ఇవ్వలేదు.

రేపు ఏ భాషలో ప్రోగ్రాములు రాస్తారో, అసలు రాసే అవసరం ఉంటుందో ఉండదో ఎవరికీ తెలీదు. కానీ చిక్కుముడి ఎదురైనప్పుడు కంగారుపడకుండా 'ముందు ఏ కొస లాగాలి' అని ఆలోచించే బిడ్డకు ఏ కాలంలోనైనా ఢోకా లేదు. ఈ రాత్రి భోజనాలయ్యాక ఫోన్లు పక్కన పెట్టి, ఓ అంకె తలుచుకుని చూడండి. ఏడు ప్రశ్నలు... అంతే!